ఐదు గీతల ఖాళీ

ప్రమాదం ఎలా జరిగిందో
మీ సొంత మాటల్లో రాయమంది ఫారం.
ఐదు గీతలిచ్చింది.
నా దగ్గర అన్ని మాటలు లేవో, అంతకంటే ఎక్కువే ఉన్నాయో
తెలీక పెన్ను మూత కొరుకుతూ కూర్చున్నాను.

పొద్దున్న ఆరూ పది.
పెద్దాసుపత్రి డౌను దిగి బీచ్ రోడ్డు ఎక్కే మలుపు.
రాత్రంతా బ్లడ్ బ్యాంకులో
ఎర్ర సంచుల మీద గడువు తేదీలు రాసి రాసి
కళ్ళల్లో ఇసక.
హార్బరు వైపు నుంచి ఒక ఆటో
నీళ్ళు కార్చుకుంటూ నాకు అడ్డొచ్చింది.
లేదా నేనే దానికి అడ్డెళ్ళానేమో.
ఈ రెండో వాక్యం రాయొద్దన్నాడు ఏజెంటు.

చప్పుడు పెద్దదేం కాదు, గోలెం పగిలినంత.
తర్వాత చూస్తే రోడ్డంతా కానాగంతలు,
అప్పుడే సముద్రంలోంచి లేచిన ఎండలో
ఒక్కొక్కటీ ఒక్కో కన్నుతో
నన్నే చూస్తూ.

వాసుపల్లి దానయ్యమ్మ కొంగు బిగించి
ముందు చేపలేరింది, తర్వాత మోచెయ్యి చూసుకుంది.
వాకింగు బూట్లవాళ్ళు వంగి సాయం పట్టారు.
పట్టిన సాయంలో కొంత
వాళ్ళ సంచుల్లోనే ఉండిపోయింది.
"నీ కారుకైతే కాయితాలుంటాయమ్మా,
నా సేపలకేటున్నాది?"
తిట్టలేదు. దారి అడిగినట్టు అడిగింది.

ఆటో ఎల్లాజీది, ఆమె చెల్లెలి కొడుకు.
ఇన్సూరెన్సు ఏప్రిల్లోనే చచ్చిపోయింది.
వేట నిషేధం అయ్యాక కడదామనుకున్నాడట.
అతని లైసెన్సు నా ఫోన్లో ఉంది,
అంచున ఎవరిదో బొటనవేలుతో సహా.

సర్వేయరు పట్నాయక్ గారు
ఆటోనగర్ షెడ్డులో నా కారు చుట్టూ రెండుసార్లు తిరిగారు.
బంపరుకి సగం, రబ్బరుకి సగం.
"ఏడేళ్ళ బండి కదమ్మా, తరుగుంటుంది"
బంగారం కొట్లో చెప్పినంత మెత్తగా అన్నారు.
తలుపు అడుగున గోటితో గీకితే తుప్పు రాలింది.
"ఇది యాక్సిడెంటు కాదు, సముద్రం"
అని ఆ వరస కొట్టేశారు.

నిజమే.
పెదజాలరిపేట పక్క సందులో పదకొండేళ్ళుగా అద్దెకుంటున్నాను.
కిటికీ ఊచల్ని, గ్యాసు పొయ్యిని,
పెళ్ళినాటి ఇనప్పెట్టెని
అది రోజూ నెమ్మదిగా గుద్దుతూనే ఉంది.
ఏ తేదీన, ఏ సమయాన, ఎవరు సాక్షి
అంటే ఏం రాయను?

మళ్ళీ ఏజెంటు ఫోను.
"తప్పంతా ఆటోదేనని రాసెయ్యండి మేడం,
కేసు పెడితే దానికదే స్టేషన్లో కూర్చుంటుంది."
దాని పక్కన ఎవరు కూర్చుంటారో చెప్పలేదు.

మొదటి గీత మీద రాశాను:
ఇద్దరం ఇంటికెళ్ళే తొందరలో ఉన్నాం.
రెండో గీత మీద:
నా బ్రేకు కొంచెం ఆలస్యంగా పడింది.
మూడోది అలాగే వదిలేశాను.
నష్టపోయిన వస్తువుల దగ్గర
హెడ్‌లైటు, బంపరు, రేడియేటరు జాలీ,
రెండు గంపల కానాగంతలు.
చివరి పేరు చుట్టూ ఆఫీసువాళ్ళు
ఎర్ర సిరాతో సున్నా చుట్టి పంపారు.
చూడ్డానికి చేప కన్నులాగే ఉంది.

ఇరవై మూడు రోజులకి
పదకొండు వేల నాలుగొందల అరవై పడ్డాయి.
జాలీ సందులో ఇరుక్కున్న పొలుసు ఒకటి
గౌస్ ఎంత కడిగినా పోలేదు,
ఏసీ వేస్తే చాలు హార్బరు.

రెండు గంపల డబ్బు చేతిలో పెడితే
దానయ్యమ్మ ఒక గంపదే తీసుకుంది.
"రెండోది జనం తిన్నారు, నువ్వు కాదు."
నాకెంత వచ్చిందో అడిగింది, చెప్పాను.
పెదాలు కదుపుతూ లెక్కేసి,
"మూడు గంపలు" అంది.
వెళ్ళబోతూ ఆగి
కొత్త బంపరుని బొటనవేలితో,
చేప తాజాదో కాదో చూసినట్టు,
ఒకసారి నొక్కి వదిలింది.
"పెలాస్టిక్కమ్మా ఇది,"
అంది నాకు మాత్రమే వినపడేలా,
"బాగానే దింపేసినారు నిన్ను."